బస్సు దిగి గుత్తి కొండకు

పశ్చిమ కనుమలు నైరుతి మేఘాలను అడ్డగించగా వాటి చాటున వానకు దూరమైన నేలను వర్షచ్ఛాయా ప్రాంతమంటారు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతంతో నెట్టుకువచ్చే అనంతపురం పీఠభూమి అటువంటిదే కనుక, అక్కడ కాలినడకకు మిగిలిన మంచి దారులు అడవి బాటలకన్నా పాత గిరిదుర్గాల, అంటే కొండకోటల, మెట్లలోనే ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలో గుత్తి దారికి సాటివచ్చేవి అరుదు. అనంతపురం నుంచి దాదాపు 50 కిలోమీటర్ల దూరాన, జాతీయ రహదారి చెంతనే ఉన్న గుత్తికి ఆర్టీసీ బస్సులో చేరిన పాదచారి, పేట దాటి ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే ద్వారాల గుండా ఎక్కుతూ పోతే, మరాఠా సేనాని మురారిరావు కూర్చునేవాడని చెప్పుకునే చిన్న మండపం కొండ అంచున ఎదురవుతుంది. అయితే ఆ దారిలో మరింత శ్రద్ధగా చూడదగినవి, వాననీటిని ఒడిసిపట్టేందుకు నిర్మించిన కొలనులు; ఎందుకంటే 1776లో హైదరాలీ ముట్టడికి ఈ కోట లొంగిపోవడానికి ముఖ్య కారణం లోపల నీరు అడుగంటడమే. ఆయుధాలు గెలవలేని గోడలను దాహం గెలిచిన ఆ చరిత్రను ఎక్కేవారికి చెప్పే ఫలకం ప్రతి కొలను దగ్గరా ఉండాలి, కొండ దిగువన తాగునీరు, తిరుగు బస్సుల వేళలు తెలిపే పట్టిక కూడా ఉండాలి. నీడ తక్కువైన ఈ మెట్లకు మార్గశిర, పుష్య మాసాల ఉదయాలే అనువు.