మా చప్పట్ల లెక్క

1996 మార్చి 9. బెంగళూరులో ఇండియా, పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్. గల్లీ మొత్తానికి ఎదురింట్లో ఒక్కటే కలర్ టీవీ. మేం గడప దగ్గర కూర్చున్నాం. ఆమిర్ సొహైల్ ఫోర్ కొట్టాడు. మంచి షాట్. ఆ మాట పైకి అనే ధైర్యం లేక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాం. మరుసటి బంతికి వెంకటేష్ ప్రసాద్ అతని స్టంప్ ఎగరగొడితే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాం. సంతోషంతో కొట్టామా, పక్కవాళ్ళకి వినపడాలని కొట్టామా? ఇప్పటికీ తేలలేదు.

ఆ గదిలో అప్పా లేదు. నిజానికి మా అందరిలో బంతి తిప్పడం వచ్చింది అప్పాకే. ఏడో తరగతి దాకా గల్లీలో మాతో ఆడింది. అరిగిపోయిన టెన్నిస్ బంతిని గోడవైపు వేస్తే అది డ్రైనేజీ వైపు తిరిగేది. ఒక సాయంత్రం అమ్మీ ఓఢ్నీ తెచ్చి అప్పా భుజాల మీద కప్పి లోపలికి తీసుకుపోయింది. "లోగాం క్యా బోలేంగే?" అంతే. నలుగురూ ఏమంటారోనన్న ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలని అబ్బాకి గానీ మాకు గానీ తోచలేదు. బయటివాళ్ళు మా చప్పట్లు లెక్కపెడుతుంటే మేం మా ఆడపిల్లల అడుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

పన్నెండేళ్ళ తర్వాత పత్రిక డెస్కులో ఒక చిన్న వార్తలో ఆ పేరు కనిపించింది. గౌహర్ సుల్తానా. హైదరాబాద్ అమ్మాయి, ఎడమచేతి స్పిన్నర్. 2008 మేలో శ్రీలంకలో జరిగిన ఆసియా కప్‌లో మొదటి వన్డే ఆడింది. ఎవరి మీద? పాకిస్తాన్ మీద. మా గుండె ఝల్లుమంది. ఆ పిల్ల ఎలా వేసిందో చూడకముందే, ఒక్క పరుగు ఎక్కువిచ్చినా ఏమంటారో అన్న భయం మాకు. అది మా జబ్బు. 1996 నుంచీ మోస్తున్న జబ్బు.

2013లో మహిళల ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. "మీవాళ్ళ అమ్మాయే కదా, ఒక ఐటం రాయండి" అన్నారు డెస్కులో. రాశాం. ముస్లిం అమ్మాయి, సంప్రదాయం, సాహసం, దేశం. ఎవరికో సర్టిఫికెట్ దాఖలు చేస్తున్నట్టే రాశాం. ఈమధ్య ఆ కటింగ్ తీసి చూసుకుంటే ఆమె బంతి ఎలా వేస్తుందో ఒక్క వాక్యం కూడా లేదు. అజర్ మణికట్టు గురించి అరపేజీ రాసిన చేతులే ఇవి.

ఇప్పుడైనా రాయాలి. ఎడమచేతి స్పిన్నర్ వేసిన బంతి కుడిచేతి బ్యాటర్‌కి మొదట లోపలికి వస్తున్నట్టే ఉంటుంది. పడ్డాక బయటికి తిరుగుతుంది. కొంచెం ఎత్తులో వేసి ఊరిస్తే బ్యాటర్ క్రీజు వదిలి ముందుకొస్తుంది. వెనక కీపర్ కాచుకుని ఉంటుంది. వేగంతో బెదిరించే పని కాదిది, ఓపికతో చేసే పని. ఆ ఓపికతో గౌహర్ 50 వన్డేల్లో 66 వికెట్లు తీసింది. వికెట్టుకి సగటున 20 పరుగులు కూడా ఇవ్వలేదు. ఒక మ్యాచ్‌లో 4 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. 37 టీ20ల్లో మరో 29.

ఆమె ఇండియాకి ఆడిన చివరి మ్యాచ్ 2014 ఏప్రిల్‌లో, సిల్హెట్‌లో జరిగిన టీ20. అదీ పాకిస్తాన్ మీదే. ఇండియా 6 పరుగులతో గెలిచింది. అప్పటికి ఆమెకి 26 ఏళ్ళు. స్పిన్నర్‌కి అదేం వయసు!

ఇక్కడ తారీఖులు చూడండి. మహిళల క్రికెట్ 2006లో బీసీసీఐ కిందికి వచ్చింది. మహిళలకి బోర్డు కాంట్రాక్టులు మొదలైంది 2015లో, పై గ్రేడుకి ఏడాదికి 15 లక్షలు. మగవాళ్ళతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది 2022లో. మహిళల ప్రీమియర్ లీగ్ 2023లో. ఆమె దేశానికి ఆడిన ఆరేళ్ళూ ఈ కాంట్రాక్టులు, సమాన ఫీజు, లీగ్ కంటే ముందే అయిపోయాయి. ఇది ముస్లిం అమ్మాయి కష్టం ఒక్కటే కాదు, ఆ తరం ఆడపిల్లలందరిదీ. మేం మాత్రం ఆమె దేశభక్తి గురించి కంగారుపడుతూ, ఆమెకి దేశం ఏమిస్తోందని ఒక్కసారీ అడగలేదు.

పదేళ్ళ తర్వాత, 2024 సీజన్ కోసం, యూపీ వారియర్స్ ఆమెని 30 లక్షలకి తీసుకుంది. అప్పా, మేం కలిసి టీవీ ముందు కూర్చున్నాం. గౌహర్‌కి ముప్పయి ఐదు దాటి ముప్పయి ఆరు వస్తోంది. అప్పా తెర మీద ముఖం కాదు, చెయ్యి చూస్తోంది. "ఇన్నేళ్ళూ ప్రాక్టీసు ఎక్కడ చేసిందిరా?" అని అడిగింది. ఇరవై ఏళ్ళు డెస్కులో పనిచేసినవాళ్ళం, మాకు తెలియదు.

2025 ఆగస్టులో ఆమె రిటైరైంది. మళ్ళీ సింగిల్ కాలమే. ఈసారి మొదటి వాక్యంలో 66 వికెట్లు రాశాం. మతం మాట ఎక్కడా రాయలేదు. "పేరులోనే ఉంది కదా సార్" అన్నాడు పేజీ పెడుతున్న కుర్రాడు.