భోగాపురంలో బూమ్... బూమ్!

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వైపు హైవే మీద వెళ్తుంటే, తగరపువలస దాటాక వస్తుంది భోగాపురం. అక్కణ్ణించి ముక్కాం వైపు తిరిగితే జీడితోటలు, సరుగుడు తోటలు, ఆపైన సముద్రం. 2023 మేలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగాక ఈ ఊరి పేరు తెలియనివాళ్లు లేరు. నేను వెళ్లింది మాత్రం విమానాల కోసం కాదండోయ్... సౌండు కోసం!

మా మేనత్తగారి జీడితోట విమానాశ్రయం కింద పోయింది. వచ్చిన డబ్బులో కొంత తీసి బావ ఇంట్లోనే సినిమా హాలు పెట్టాడు. "తోటెళ్లిపోయి డబ్బాలొచ్చీసినాయిరా!" అంది అత్త, నేను చెప్పులు విప్పకముందే. నవ్వుతూనే అంది గానీ, ఆ చెట్లు నాటింది మావయ్య.

గది 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. తెర పక్కన ఒక సబ్‌వూఫరు, సరిగ్గా గది నడిమధ్య సోఫా. బావ ఫైటింగు సీను పెట్టాడు. గోడకవతల అత్త గదిలో కిటికీ రెక్కలు గజగజలాడాయి. సోఫాలో కూచున్న మాకు మాత్రం ఉప్పులేని పప్పు! "ఇంతకి రెండింతలుండే సబ్‌వూఫరు కొనీసి, 11 ఛానెళ్ల రిసీవరు తెచ్చీస్తాను బావా" అన్నాడు. అంటే తోట డబ్బులో ఇంకో ముక్క.

ఆగమన్నాను. సెకనుకి 35 సార్లు కంపించే శబ్దం తరంగం పొడవు సుమారు 32 అడుగులు, అంటే ఈ గదికి రెట్టింపు. అలాంటి శబ్దం రెండు చివరి గోడల దగ్గరా ఉబ్బుతుంది, నడిమధ్యన చచ్చిపోతుంది. బావ సోఫా వేసింది ఆ శ్మశానంలోనే! అక్కడ ఎంత పెద్ద డబ్బా పెట్టినా ముందు మోగేది అత్త కిటికీయే.

మరి ఏం చెయ్యాలి? సబ్‌వూఫరుని సోఫా మీదికి ఎక్కించి, మనం గోడల వెంట పాకుతూ వినాలి. ఎక్కడ ప్రతి స్వరమూ సమంగా వినిపిస్తే అక్కడ దాన్ని దింపాలి. యాభయ్యేళ్ల బావ మోకాళ్ల మీద పాకుతుంటే అత్త నవ్వలేక చచ్చింది. సోఫాని మూడడుగులు వెనక్కి జరిపాం. పెద్దదొకటి కొనేకంటే, ఎదురెదురు గోడల మధ్యలో చిన్నవి రెండు పెట్టుకుంటే గదంతా బాస్ సమంగా పడుతుంది. ఒక దాని ఉబ్బుని రెండోది అణుస్తుంది మరి.

రిసీవరా? ఆ గదికి 7.2 చాలు. కానీ ఆ '.2' చూసి మురిసిపోకండి. చాలా రిసీవర్లలో రెండు సబ్‌వూఫర్లకీ ఒకటే సిగ్నలు పోతుంది. రెండింటికీ దూరం, వాల్యూము విడివిడిగా సరిచేసేది కావాలని అడగండి. వాట్లు కూడా రెండు ఛానెళ్లూ కలిసి మోగుతున్నప్పుడు ఎంతో చూడాలి. అట్టపెట్టె మీది పెద్ద అంకె ఒట్టి పోస్టరే! స్పీకర్లని 'స్మాల్' అని పెట్టి, 80 హెర్ట్జ్ దగ్గర గీత గియ్యండి. మైకు మన చెవి ఎత్తున ఉండాలి, ఫ్యాను ఆగాలి. సబ్‌వూఫరు దూరం టేపుతో కొలిచినదానికంటే ఎక్కువ చూపిస్తే దిద్దకండి, లోపలి ఆలస్యాన్ని కూడా అది లెక్కేస్తుంది.

హాళ్లలో ఈ అదురు కొత్తదా ఏమిటి? 1974లో 'ఎర్త్‌క్వేక్' కోసం సెన్‌సరౌండ్ పెట్టి కుర్చీలే కదిలించారు. మన కృష్ణగారు 1986లో 'సింహాసనం'తో 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల స్టీరియో తెచ్చారు.

రాత్రి అత్త ఘంటసాల పాట పెట్టమంది. ఆయన సంగీతం నేర్చుకున్న విజయనగరం ఇక్కడికి దగ్గరేగా! పాత మోనో రికార్డు, సబ్‌వూఫరుకి పెద్దగా పనే లేదు. అత్త మూడు పాటలు విని పడుకుంది. కొత్త రిసీవరు మాట బావ మళ్లీ ఎత్తలేదు. రెండో చిన్న సబ్‌వూఫరు సంక్రాంతి తరవాతట. కిటికీ రెక్కకి మాత్రం రబ్బరు ముక్క దోపి వచ్చాను.