గాలి చాటు ఒడ్డు

అమెరికాలో తెలుగువాళ్ల వేసవి కబుర్లలో కాన్‌కూన్ పేరు తప్పకుండా దొర్లుతుంది. డాలస్ నుంచి విమానమెక్కితే మూడు గంటల లోపే. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికో వేరే వీసా అడగదు కాబట్టి, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లనూ వెంటబెట్టుకుపోవచ్చు. చిక్కల్లా కాలంతోనే. పిల్లలకు బడి సెలవులు జూన్‌లో. సర్గాసం అనే గోధుమరంగు నాచు ఆ తీరం మీదికి ఎక్కువగా కొట్టుకొచ్చేదీ ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకానే. కాకినాడ నుంచి అమ్మ వచ్చింది. ఆమె సముద్రంలో దిగి తీరాలని నా పట్టుదల. అందుకే హోటళ్ల ఫొటోలు పక్కనపెట్టి పటం ముందేసుకుని కూర్చున్నాను.

ఈ నాచుకు వేళ్లుండవు. గాలి నిండిన చిన్న చిన్న కాయలతో నీటి మీద తేలుతుంది, తెగిన ముక్కల నుంచే మళ్లీ పెరుగుతుంది. ఒకప్పుడు దాని కాపురం ఎక్కువగా ఉత్తర అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో. 2011 నుంచి పడమటి ఆఫ్రికా మొదలుకొని మెక్సికో సింధుశాఖ దాకా కొత్త పట్టీ ఒకటి కనబడుతోంది. 2018లో అది 8,850 కిలోమీటర్ల పొడవున రెండు కోట్ల టన్నులు దాటిందని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కకట్టారు. 2025 మేలో ఆ లెక్క 3.75 కోట్ల టన్నులకు చేరింది. ఆ వేసవిలోనే మా ప్రయాణం.

తూర్పు నుంచి వీచే గాలులు, ప్రవాహాలు కలిసి దీన్ని కరీబియన్ మీదుగా తోసుకొస్తాయి. తూర్పుకు తిరిగి ఉన్న టులుమ్, ప్లాయా డెల్ కార్మెన్, కాన్‌కూన్ హోటళ్ల వరస నేరుగా దాని దారిలో ఉన్నాయి. నాకు కావలసింది పడమటి ఒడ్డు. పటంలో వేలు కొసుమెల్ దీవి మీద ఆగింది. అమ్మకు చూపిస్తే వెంటనే తేల్చేసింది. "హోప్ ఐలాండ్ అడ్డుంది కాబట్టే కదరా మన కాకినాడ రేవు అంత నెమ్మదిగా ఉంటుంది. అడ్డు లేని ఉప్పాడ చూడు, ఇళ్లకిళ్లు కోతకు పోతున్నాయి. ఆ దీవికి వెనకపక్కే గది తీసుకో."

విమానాశ్రయం నుంచి బస్సులో ప్లాయా డెల్ కార్మెన్ చేరాం. రేవు వైపు నడుస్తుండగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. నాచు కుళ్లేటప్పుడు వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. కళ్లు మండిస్తుంది, తలనొప్పి తెస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీ కష్టం. ఒడ్డంతా మేటలు. ఆ వాసనలో, ఆ ఎండలో, మనుషులు పారలతో ఎత్తి ఒంటిచక్రం బళ్లలో పోస్తున్నారు. ఒకవైపు తీస్తుంటే ఇంకోవైపు అల కొత్తది తెచ్చి పడేస్తోంది. తెల్లటి ఇసుక ఫొటోల వెనక ఉన్నది వీళ్ల రెక్కల కష్టం. ఆ ఫొటోల్లో వీళ్లుండకపోవడం నాకు అన్యాయంగా తోచింది.

ఫెర్రీలో ముప్పావుగంట. నడి నీటిలో అదే నాచు బంగారు రంగు చారలుగా తేలుతూ కనిపించింది. కడలి మీద అది చెత్త కాదు. చేపపిల్లలకు, పీతలకు, రొయ్యలకు ఇల్లు. అప్పుడే గుడ్డు చీల్చుకుని సముద్రంలోకి వచ్చిన తాబేలు పిల్లలకు నీడా తిండీ అదే.

కొసుమెల్ పడమటి ఒడ్డున నీళ్ల అడుగు స్పష్టంగా కనబడుతోంది. ఇసుక కోరుకునేవాళ్లు మాత్రం ముందే విచారించుకోవాలి. ఈ వైపు చాలాచోట్ల రాతి ఒడ్డు, మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లాలి. అమ్మ పంజాబీ డ్రెస్సుతో, కమ్మీ పట్టుకుని, మెడలోతు దాకా దిగింది. మా పాప ముఖానికి మాస్కు పెట్టుకుని తల ముంచి లేచి, "నాన్నమ్మా, చేప రాయిని కొరుకుతోంది!" అని అరిచింది. చిలకచేప. ప్రపంచంలో రెండో అతిపెద్ద అవరోధ పగడపు దిబ్బల వరసలో ఇదొక భాగం. ఇక్కడి దిబ్బలను 1996లో జాతీయ పార్కుగా ప్రకటించారు. చీకటిపడే దాకా అమ్మను నీళ్లలోంచి లేపలేకపోయాం.

మర్నాడు టాక్సీలో దీవిని అడ్డంగా దాటి తూర్పు వైపు వెళ్లాం. అదే దీవి, ఇంకో ప్రపంచం. పెద్ద హోటళ్లు లేవు, అలలు భీకరం, కనుచూపుమేర నాచు కుప్పలు. వేసవి రాత్రుల్లో తాబేళ్లు గుడ్లు పెట్టేది ఈ ఇసుకలోనే. కుప్పలు ఎత్తుగా పేరుకుంటే తల్లి ఒడ్డుకెక్కలేదు, పిల్ల సముద్రానికి చేరలేదు. నీళ్లలో సాకే నాచే ఒడ్డున గోడైపోతోంది. ఇది చూశాక నాచు లేని ఒడ్డు దొరికిందన్న నా సంతోషం కొంత తగ్గింది.

"పొలాలకు ఎరువుగా వేసుకోవచ్చుగా?" అంది అమ్మ. ఉప్పుతో పాటు ఆర్సెనిక్ కూడా ఉంటుంది కాబట్టి ఊరికే చల్లేయడం కుదరదని చెప్పాను. ప్యూర్టో మోరెలోస్‌లో ఓమర్ వాస్కెస్ అనే ఆయన దీన్ని మట్టితో కలిపి ఇటుకలు చేసి, 2018లో ఇల్లే కట్టాడని చెబితే అమ్మ ముఖం విప్పారింది. ఆ ఇల్లు ఎక్కడుందో కనుక్కోమని దారిపొడుగునా నన్ను వదల్లేదు.

వచ్చే వేసవికి మా చెల్లెలి కుటుంబం కూడా కలుస్తుంది. టికెట్లు తీసే ముందు సౌత్ ఫ్లోరిడా వారి నెలవారీ నివేదిక చూస్తాం. పట్టీ మళ్లీ దట్టంగా ఉంటే పసిఫిక్ తీరాన ప్యూర్టో వయార్తాకు వెళ్తాం. అట్లాంటిక్ పట్టీ అటు రాదు. అక్కడ జూన్ నుంచి సాయంత్రాలు వానలు. అమ్మ వానకు సరేనంది.