ఉప్పునీటి రీలుకు కృష్ణ ఒడ్డున పరీక్ష

మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇక్కడ కూచుని ఉప్పునీటి రీలు కొంటానంటే మా వీధిలో నవ్వనివాళ్లు లేరు. దీనికంతటికీ కారణం మా బామ్మర్ది. ఆయన ఉద్యోగం బాపట్లలో. సంక్రాంతికో, ఎండాకాలం సెలవులకో మేం అక్కడికి పోతాం. పోయామంటే సాయంత్రాలన్నీ సూర్యలంక ఒడ్డునే, రాడ్డు ఇసుకలో నిలబెట్టుకుని. నాలుగు రోజులు ఉప్పుగాలిలో తిరిగిన రీలు ఆ తర్వాత నెలల తరబడి పాలమూరు బీరువాలో, పాత స్వెటర్ల పక్కన పడి ఉంటుంది. రీళ్లు అమ్మేవాళ్లు ఆ నాలుగు రోజుల గురించే చెబుతారు. నాకు కావలసింది బీరువాలో గడిచే నెలలకు తట్టుకునే రీలు.

ఈ సంగతి తలకెక్కించింది గడియారం చౌరస్తా దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే ఒక పెద్దమనిషి. మా తమ్ముడి రీలు హ్యాండిలు తిరగడం మానేస్తే, ఇంకెవరికి చూపించాలో తెలియక ఆయన ముందు పెట్టాం. పక్కమూతకున్న మరల్లో ఒకటి సులువుగానే వచ్చింది. రెండోది కిరోసిన్ తాగి గంటకు కదిలింది. మూడోది తల అరిగి గుండ్రమైంది గాని కదల్లేదు. మరల చుట్టూ తెల్లటి పిండి. బాడీ అల్యూమినియం, మరలు స్టెయిన్‌లెస్ స్టీలు. ఉప్పు తేమలో ఈ రెండూ అంటుకుని ఉంటే అల్యూమినియం కొద్దికొద్దిగా తినుకుపోతుంది, ఆ పిండి మరను సిమెంటులా పట్టేస్తుంది. చివరికి మూత తీసి చూస్తే గేర్ల మీది గ్రీజు నల్లబడింది గాని పళ్లు బాగానే ఉన్నాయి. పోయిందల్లా దారం ఆనుకుని తిరిగే చిన్న రోలరులోని బేరింగు. తుప్పు పట్టి ఇటుకరాయి రంగులో ఉంది.

పెద్దమనిషి కళ్లద్దాలు పైకి నెట్టుకుని అన్నాడు: "గిది సముద్రంల సచ్చింది గాదు సారూ. మీ ఇంట్ల సచ్చింది."

నిజమే. ఉప్పునీళ్లు ఎండిపోతాయి, ఉప్పు మిగులుతుంది. వానాకాలం గాలిలో తేమ తగిలితే అది మళ్లీ తడిసి మళ్లీ పని మొదలుపెడుతుంది. రోజూ వేటకు పోయేవాడి రీలు రోజూ తిరుగుతుంది, వాడు కడుగుతాడు, నూనె చుక్క వేస్తాడు. మాలాంటి వాళ్ల రీలును ఎవరూ ముట్టుకోరు.

కొత్తది కొనేముందు దొరికినవాటిని నీళ్లలో పరీక్షించాలని తమ్ముడూ నేనూ బండి మీద బయలుదేరాం. సముద్రం దూరం గాని కృష్ణ దగ్గరే. సంచిలో రెండు రీళ్లు. ఒకటి ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిన, ఊరూ పేరూ లేని రీలు. పెట్టె మీద '13+1 బేరింగులు' అని మెరిసే అక్షరాలు. రెండోది స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన పెన్ బ్యాటిల్, 4000 సైజు. భూత్పూరు, బిజినేపల్లి, నాగర్‌కర్నూలు మీదుగా కొల్లాపూరు. దారి గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు. కొల్లాపూరు దగ్గరపడేకొద్దీ మామిడితోటలు చిక్కబడతాయి, అంతే.

సోమశిలలో దిగేసరికి ఎండ ముదిరింది. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఆ నీళ్లు ఇక్కడిదాకా ఎగదన్ని పాత ఊళ్లను ముంచేశాయి. అవతలి వైపు సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్లలోనే ఉండి, ఎండాకాలం మట్టం తగ్గినప్పుడు బయటపడుతుంది. మేం వెళ్లినప్పుడు గుడి జాడ లేదు, నీళ్లు ఒడ్డును ఒరుసుకుంటున్నాయి. పుట్టిలోంచి వల దులుపుతున్న మనిషి దగ్గర జెల్లలు, రెండు బొచ్చెలు, ఒక చిన్న వాలుగ. పక్కనే ఆయన భార్య వేలాడే స్ప్రింగు కాటాతో తూకం వేస్తోంది.

ఆ కాటా చూడగానే తమ్ముడికి ఆలోచన తట్టింది. "అక్కా, జర సేపు కాటా ఇస్తవా? దారం గుంజి చూస్తం" అన్నాడు. చేపలు లేకుండా కాటా ఎందుకో ఆమెకు అర్థం కాలేదు గాని ఇచ్చింది.

రీలులో డ్రాగ్ అనేది ఒకటుంటుంది. పెద్ద చేప లాగినప్పుడు దారం తెగకుండా, దాన్ని చుట్టుకున్న స్పూలు కాస్త జారి దారం వదలాలి. ఎంత బలానికి వదలాలో పైనున్న గుబ్బతో బిగించుకుంటాం. ఇరవై పౌండ్ల దారమంటే దాదాపు తొమ్మిది కిలోలు. అందులో నాలుగో వంతు, రెండు కిలోలకు కాస్త పైన డ్రాగ్ పెట్టుకోవడం పెద్దలు చెప్పే లెక్క. చవక రీలును అలా బిగించి దారాన్ని కాటా కొక్కేనికి కట్టి లాగాం. ముల్లు రెండు దాటింది, మూడు దాటింది, మూడున్నర దగ్గర ఆగి ఒక్కసారిగా ఒకటిన్నరకు పడింది. మళ్లీ ఎగబాకింది, మళ్లీ పడింది. లోపల ఉన్నది ఫెల్టు ముక్కలు. అవి ఆరిపోయి పట్టుకుంటాయి, పట్టు వదిలి జారతాయి. ఆ కుదుపులోనే దారం తెగుతుంది, గాలం ఊడుతుంది. బ్యాటిల్‌లో కార్బన్ ఫైబర్ వాషర్లు ఉంటాయి, పెన్ కంపెనీ వాటిని హెచ్‌టీ-100 అంటుంది. దాన్నీ అలాగే లాగితే ముల్లు రెండుకు పైన మొదలై దారం పోయినంతసేపూ అక్కడే నిలబడింది. కాటా యజమానురాలు కూడా వంగి చూసి, "గిదే మంచిగున్నది" అని తీర్పు చెప్పింది. పదమూడు బేరింగుల మాట ఎవరికీ గుర్తు రాలేదు. నన్నడిగితే తుప్పు పట్టని బేరింగులు నాలుగైదు చాలు. ఉప్పుతేమలో పెట్టే ప్రతి బేరింగూ పాడయ్యేందుకు ఇంకో చోటే.

విసిరి చూస్తుంటే పుట్టి మనిషి కొడుకు, తొమ్మిదో తరగతి అట, పక్కన చేరాడు. "విసిరినప్పుడు చక్రం తిరగకుండ దారం ఎట్ల పోతది?" అని వాడి సందేహం. మా మేనత్తది నారాయణపేట, వాళ్లింట్లో మగ్గం ఉండేది. నాడెలో కండె కదలదు, దారం కండె కొసమీంచి జారి వస్తుంది. ఈ స్పూలూ అంతేనని చెప్పాను. ఈ రకం రీలుకు మొదట పేటెంటు తీసుకున్న ఇంగ్లండు వాడు ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ కూడా బట్టల మిల్లుల మనిషే. 1905 నాటి మాట. మిల్లులో దారం చుట్టే కండెలు చూసే అతనికి ఆ ఊహ వచ్చిందని చెబుతారు. రీళ్ల కంపెనీల పుట్టుకలు కూడా ఇలాంటివే: షిమానో 1921లో జపాన్‌లోని సకాయ్‌లో సైకిల్ ఫ్రీవీల్‌తో మొదలైంది, పెన్ 1932లో ఫిలడెల్ఫియాలో. కుట్టుమిషను మనిషి రీలు విప్పగలగడంలో వింతేమీ లేదు.

ఆ రాత్రి అచ్చంపేటలో పడుకుని, పొద్దున డిండి జలాశయం పక్కనుంచి దేవరకొండ చేరాం. కోటను కిందినుంచే చూసి నేరేడుగొమ్ము వైపు మళ్లాం. నేల రాళ్లూ తుప్పలూ. నల్లగొండ అనగానే ఫ్లోరైడు నీళ్లు, వంకర తిరిగిన ఎముకలు గుర్తొచ్చే నాకు, ఆ రాళ్ల మధ్య దారి చివర నాగార్జునసాగర్ వెనుకజలాలు నీలంగా పరుచుకుని కనిపించడం ఎప్పుడూ నమ్మబుద్ధి కాదు. 1967లో ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కాలువలు కిందికి పోయాయి. పైన మిగిలిన ఈ నీళ్ల ఒడ్డున ఒక ఊరుంది, పేరు వైజాగ్ కాలనీ. విశాఖ వైపు నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలవల్ల ఆ పేరు. సెలవు రోజుల్లో హైదరాబాదు కార్లు వరసకడతాయి, చేపల వేపుడు కోసం. మేం రావడానికి కారణం వేరు. నల్లగొండ జిల్లాలో ఉప్పునీళ్ల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లే.

వేపుడు చెప్పి, పందిరి కింద వల అల్లుతున్న తాతను పలకరించాం. ఇక్కడికి వచ్చి యాభై ఏళ్లు పైబడినా మాటలో విశాఖ యాస పోలేదు.

"అదేటి బాబూ, గడియారమా?"

"రీలు తాతా. సముద్రంల చేపలు పట్టేది."

"సముద్రం ఇక్కడెక్కడుందిరా నాయనా!" అని నవ్వి చేయి చాచాడు. ఆయన రీలును చూసిన తీరు ముచ్చటగా ఉంది. చక్రం తిప్పలేదు. ముందు హ్యాండిలు పట్టుకుని పైకీ కిందికీ ఊపాడు, ఎంత ఆట ఉందో చూడడానికి. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పాడు. స్పూలు ఊడదీసి లోపలి కడ్డీని గోటితో గీకాడు. దారాన్ని మళ్లించే ఆ తీగ కమ్మీని, బెయిల్ అంటారు, వేలితో టక్కున మూశాడు, తెరిచాడు, మూశాడు.

"దీని లోపల స్ప్రింగు ఉంటాది కదా. అది ఇరిగిపోతే?"

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎన్ని వీడియోలు చూశామో, ఎన్ని లెక్కలు వేశామో, గేరు నిష్పత్తులు 5.2కు 5.6కు తేడా ఎంతని ఎంత కొట్లాడుకున్నామో! ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"అప్పుడు మేం చేతితో వేసేవోళ్లం. చెక్కముక్కకు దారం చుట్టుకునీవోళ్లం. ఇరిగిపోడానికి ఏటుంది? కోనాం పడితే చెయ్యి కోసుకుపోయీది, అంతే" అన్నాడు తాత. ఉప్పు గురించి అడిగితే, "కడిగీసినోడి సరుకు ఉంటాది, కడగనోడిది పోద్ది. ఇక్కడ నీళ్లు తీపి కదా, ఇనుము పదేళ్లు పడుంటాది. మాకాడ ఏడాదికే పొరలు లేస్తాది" అన్నాడు. కడగడమంటే గట్టిగా నీళ్లు కొట్టడం కాదని కూడా ఆయనే అన్నాడు; ధారగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి దూరుతుంది. ఈ మాట రీళ్ల కంపెనీల కాగితాల్లోనూ ఉంటుంది: డ్రాగ్ బిగించి, మంచినీళ్లు మెల్లగా చిలకరించి, ఆరబెట్టి, దాచేటప్పుడు డ్రాగ్ వదులు చేయాలి. బిగించే వదిలేస్తే వాషర్లు అణిగిపోతాయి.

వేపుడు వచ్చింది. తింటూనే తమ్ముడితో వాదన మొదలైంది. వాడికి నీళ్లు చొరని సీలు రీలు కావాలి, పెన్ స్పిన్‌ఫిషర్ సిక్స్ లాంటిది. ఐపీఎక్స్5 రేటింగు, అంటే నీటిధార తగిలినా తట్టుకుంటుందన్న లెక్క. అలల్లో నడుందాకా దిగేవాడికి, వారంలో సగం రోజులు బండలమీద నిలబడేవాడికి అది కావలసిందే. మేం ఇసుకలో నిలబడతాం. పైగా సీళ్లు దాటి లోపలికి ఉప్పునీళ్లు చేరాయంటే అవి బయటికి రావడమూ కష్టమే. ఆ సీళ్లన్నీ విప్పి మళ్లీ సరిగా పెట్టడం గడియారం చౌరస్తాలో అయ్యే పని కాదు.

"అయితే బ్యాటిలే తీసుకుందం అన్నా. మొత్తం లోహమే గద."

అక్కడే నాకు పేచీ. లోహపు బాడీ గొప్పే. బరువు పడినప్పుడు వంగదు, గేర్లు ఒకదానికొకటి సరిగ్గా ఆనుతాయి. డైవా బీజీ కూడా అల్యూమినియం బాడీయే, దాన్ని మెచ్చుకునేవాళ్లకు కొదవలేదు. కాని మా చచ్చిన రీలులో మరలు పట్టేసింది ఆ అల్యూమినియంలోనే. ప్రతి మరకూ ముందే గ్రీజు పూసి బిగించే ఓపిక ఉంటే సరే. మా ఇంట్లో అది లేదు. గ్రాఫైట్ బాడీ తుప్పు పట్టదు, తెల్లపిండి రాదు, ధర తక్కువ. పెద్ద బరువుకు కాస్త వంగుతుంది. సూర్యలంక ఒడ్డున మాకు పడేవి జెల్లలు, ఎప్పుడైనా ఒక చిన్న పార. వాటికి వంగే రీలు ఇంకా తయారు కాలేదు. కార్బన్ డ్రాగ్ మాత్రం వదులుకోకూడదు. పెన్‌లోనే కొత్త పర్స్యూట్ రకాల్లో గ్రాఫైట్ బాడీతో పాటు అదే హెచ్‌టీ-100 డ్రాగ్ ఇస్తున్నారు. మిగిలిన డబ్బుతో మంచి దారం, ఒక డబ్బా మెరైన్ గ్రీజు.

"పది కిలోల పండుగప్ప పడితే?"

"పడనీ."

మల్లేపల్లి దాటి కల్వకుర్తి చేరేదాకా వాడు ఆ పండుగప్ప బరువు పెంచుతూనే వచ్చాడు. కల్వకుర్తిలో టీ తాగుతూ హైదరాబాదులోని ఒక దుకాణానికి ఫోన్ చేశాను. ధర తర్వాత అడుగుదామనుకుని, పర్స్యూట్ 4000 బెయిల్ స్ప్రింగూ, రోలరు బేరింగూ విడిగా దొరుకుతాయా అని అడిగాను. అవతలి మనిషి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇప్పటిదాక ఎవ్వరూ అడగలే సార్. కనుక్కుని చెప్తా" అన్నాడు. జడ్చర్ల రాకముందే తిరిగి ఫోన్ చేశాడు: రెండూ తెప్పించగలడు, రీలుతో కలిపి పంపడానికి కొంచెం టైము పడుతుంది. పంపమన్నాను, స్ప్రింగులు మాత్రం రెండు. తమ్ముడు వెనకనుంచి వంగి ఫోన్‌లో గట్టిగా అడిగాడు, పండుగప్పకు సరిపడే దారం కూడా ఉందా అని.