కోఠి దారిలో ఒక ఏడాది పట్టీ

కోఠికి వెళ్ళివస్తామని ఇంట్లో చెప్పి బయలుదేరినవారు వట్టి చేతులతో తిరిగివచ్చిన సందర్భాలు బహు తక్కువ. ఆడవారు చీరెలూ గాజులూ తెస్తారు. పిల్లలు పాఠ్యపుస్తకాలు తెస్తారు. మాబోటి తెలుగు మేష్టర్లు అట్టలు వూడిన పాత పుస్తకాలు తెచ్చి చివాట్లు తింటారు. మొన్న శనివారం మాత్రం నాకు ఆ దారిలో వేరే పని పడింది.

లోగడ నావద్ద బి.ఏ. చదివిన అమ్మాయి ఒకతె ఇప్పుడు ఒక కంపెనీలో లెక్కలు చూస్తూ, రాత్రిళ్ళు నవలలు రాస్తున్నది. వాటినిండా రెక్కల గుర్రాలూ, మాట్లాడే బావులూ, సముద్రం అడుగున కోటలూ! వాటిని తన డబ్బుతో తానే అచ్చు వేయించుకుంటుంది. ఏడాదికి చేయదలచిన పనులన్నీ ఒక కాగితం మీద రాసుకువచ్చి, "ఒకసారి చూడండి సార్" అన్నది. కూర్చుని చూడడమెందుకు, నడుస్తూ చూద్దామన్నాను. అశోక్‌నగర్ నుంచి కోఠి మూడు నాలుగు కిలోమీటర్లే. పుస్తకం పుట్టేదీ, అమ్ముడయ్యేదీ, చివరికి పేవ్‌మెంటు చేరేదీ కూడా ఆ దారిలోనే.

పట్టీలో మూడు పనులున్నాయి. శ్రావణానికి మొదటి నవల రెండో భాగం. దసరాకు మరో కొత్త నవల. చలికాలంలో ఎన్.టి.ఆర్. స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శన నాటికి బొమ్మలతో పిల్లల కథలు.

ముందు నగర కేంద్ర గ్రంథాలయంలో అడుగుపెట్టాము. వుద్యోగ పరీక్షలకు చదివే కుర్రవాళ్ళతో బల్లలన్నీ నిండి వున్నాయి. ఒక మూల బల్ల చూపించి ఆమె నవ్వింది.

"మొదటి నవల సగం ఇక్కడే రాశాను. గ్రూప్స్‌కి చదువుతున్నానని అమ్మ అనుకునేది."

"ఇప్పుడేమంటున్నది?"

"మంచం కింద కట్టలు ఎప్పుడు కదులుతాయే అంటున్నది."

అచ్చు వేసినవి ఐదువందలు, అమ్ముడైనవి మూడువందలు. తక్కినవి మంచం కింద వున్నాయి.

చిక్కడపల్లి దాటి నారాయణగూడ సందులో ఆమెకు అక్షరాలు కూర్చిపెట్టే డి.టి.పి. దుకాణం వుంది. ఈమె యూనికోడులో రాస్తుంది. అక్కడివారు అనూ అక్షరాలలో పేజీలు కడతారు. ఒకదానినుంచి మరొకదానికి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. తప్పులు దిద్దడానికే నెల పడుతుంది. పదహారు పేజీలు ఒక ఫారం కాబట్టి, 288 పేజీల నవల పద్ధెనిమిది ఫారాలు. ఒక్క పేజీ ఎక్కువైనా చేతి చమురు వదులుతుంది. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను ప్రభుత్వ సంస్థ వుచితంగానే ఇస్తుంది. కాని 1954 నాటి చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు గ్రంథాలయాలకూ ప్రతులు పంపే బాధ్యత ప్రకాశకులదే. ఇక్కడ ప్రకాశకులన్నా ఈమే, గుమాస్తా అన్నా ఈమే!

ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ 'చందమామ' సంగతి ఎత్తాను. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యంగారు ఆ పత్రికకు ఏళ్ళతరబడి జానపద ధారావాహికలు రాశారు. చిత్రాగారు బొమ్మలు వేశారు. రచయిత పేరు అచ్చుకాలేదు. అయినా నెల తిరిగేసరికి తరువాయి భాగం వస్తుందని పిల్లలకు భరోసా.

"ఆయన వెనక పత్రిక వుంది సార్, నా పుస్తకం మీద నా పేరు తప్ప ఇంకేమీ లేదు" అన్నది.

కాచిగూడ చౌరస్తాలో నవోదయ బుక్ హౌస్ ముందు కాసేపు ఆగాము. దుకాణాలలో తనకు నూటికి నలభై కమీషను కింద పోతుందట. పోనీ పోస్టులో పంపుదామంటే, రిజిష్టర్డు బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తివేశారు. 2025 మేలో విద్యకూ సంస్కృతికీ చెందిన పుస్తకాలకోసం జ్ఞాన్ పోస్టు పెట్టారు. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం.

"నా రెక్కల గుర్రాలు విద్యలోకి వస్తాయా, సంస్కృతిలోకి వస్తాయా సార్?" అన్నది. తెలుగు మేష్టరునైనా జవాబు చెప్పలేకపోయాను.

బడీచౌడీ మీదుగా సుల్తాన్‌బజారు చేరాము. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అక్కడే వున్నది. 1901 సెప్టెంబరు 1న పుట్టిన సంస్థ. దాన్ని నెలకొల్పినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో ఈ నగరంలోనే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చందాదారులను చేర్చుకుని పుస్తకాలు వెలువరించారు. ముందుగా డబ్బు కట్టినవారికి మాట నిలబెట్టుకోవాలి గదా! ఈ అమ్మాయి పాఠకులు చందా కట్టలేదు. అయినా మొదటి భాగం చివర "రెండో భాగం త్వరలో" అని ఆమే అచ్చు వేయించింది. అది జరిగి రెండేళ్ళయింది.

కోఠిలో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల గుట్టలు. ఒక పాత జానపద నవల ఆమె చేతికి తగిలింది. నిలబడే నాలుగు పేజీలు చదివింది. అది రెండో భాగం.

"మొదటిది వున్నదా?"

"లేదమ్మా. ఎప్పటిసంది ఇదొక్కటే పడున్నది. అందరు తీసి చూస్తరు, పెట్టేసి పోతరు."

ఇరవై రూపాయలిచ్చి ఆమె దాన్ని తీసుకున్నది. కొంతదూరం మాటలు లేవు. మహిళా విశ్వవిద్యాలయం గోడదగ్గర ఆగి, సంచీలోనుంచి పట్టీ తీసింది.

"మొదటిది లేకుండా రెండోది చేతికొస్తే నాకే ఇంత వెలితిగా వుంది సార్. మొదటిది చదివి కూర్చున్న ఆ మూడువందల మంది నన్నేమనుకుంటున్నారో!"

దసరా నవలను కొట్టివేసింది. పిల్లల కథల దగ్గర చాలాసేపు ఆలోచించి, దాన్ని కూడా కొట్టివేసింది. రెండో భాగం ఎదుట శ్రావణం తీసేసి "పుస్తక ప్రదర్శన" అని రాసింది. మంచం కింది రెండువందల ప్రతులనూ రెండో భాగంతో జతచేసి అమ్ముతుందట.

"అమ్మతో ఏమని చెబుతావు?" అన్నాను.

"కట్టలు కదులుతున్నాయని చెబుతాను. కొత్త కట్టలు వస్తున్నాయని మాత్రం ఇప్పుడే చెప్పను."

ఆమె బస్సు ఎక్కింది. ఆ ధ్యాసలో నేను ఒక్క పుస్తకమైనా కొనలేదు. వట్టి చేతులతో ఇల్లు చేరేసరికి మావాళ్ళు కంగారుపడి, వంట్లో బాగానే వున్నదా అని అడిగారు.