చండీగఢ్ నగరమున రెండు దినములు

1947వ సంవత్సరమున దేశము విభజింపబడి లాహోరు పాకిస్థానమునకు పోగా, మనకు మిగిలిన పంజాబునకు రాజధాని లేకపోయెను. ఆ కొరత తీర్చుటకై శివాలిక్ కొండల దిగువను కొలిచి, గీచి కట్టిన నగరమే చండీగఢ్. దీని ప్రణాళికను తీర్చినవాడు ఫ్రాన్సున స్థిరపడిన లె కార్బూజియే. 1966 నుండి పంజాబు, హర్యానా రెండింటికిని ఇదియే రాజధాని.

దసరా సెలవులలో ఢిల్లీనుండి కొండలవరకు సైకిళ్లమీద యాత్ర సాగించుచు, మావారును నేనును కురుక్షేత్రము, అంబాలా దాటి ఇచ్చట రెండు దినములు నిలిచితిమి.

నగరమంతయు చదరంగపు బల్లవలె సెక్టార్లుగా విభజింపబడినది. ఒక్కొక్కటి 1200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు. బిడ్డలు పెద్దబాట దాటకయే బడికి పోవునట్లు ఏర్పాటట. తల్లులకు ఎంత నెమ్మది! లారీల నడుమ ప్రాణములు అరచేత పెట్టుకొని వచ్చిన నాకు, ఇచ్చట సైకిళ్లకు వేరుగా బాటలుండుట చూడగా ప్రాణము లేచివచ్చెను. ఇచ్చటి చిన్న యుద్యోగుల యిండ్లను రూపొందించినవారిలో జేన్ డ్రూ అను ఆంగ్లవనితయు ఒకరు. అయినను ఏ కూడలి చూచినను వెనుకటి కూడలివలెనే యుండును. నాకు కొంత విసుగు పుట్టినది. మావారు లెక్కల మాస్టరు గనుక మురిసిపోయిరి.

నా మనసు నిలిచినది సుఖ్నా చెరువు చేరువనున్న రాతితోటయందు. నగరనిర్మాణమునకై ఇచ్చటి పల్లెలను తొలగించిరి. ఆ శిథిలములలోని పెంకులను, పగిలిన పాత్రలను, వింత రాళ్లను నేక్‌చంద్ అను రోడ్డు ఇన్‌స్పెక్టరు సైకిలుమీద మోసితెచ్చి, కట్టడములు నిషేధింపబడిన అడవిలో రహస్యముగా బొమ్మలు చేసెను. విభజనలో తన యూరు అవతల చిక్కిపోగా వచ్చినవాడాయన. ఏండ్లు గడచిన పిమ్మట అధికారుల కంటబడి, కూల్చుదురేమో యనుకొన్న తోట ప్రజల మెప్పుచే నిలిచి, 1976లో అందరికి తెరవబడెను.

వరుసలుగా నిలిచిన ఆడుబొమ్మలకు గాజుముక్కలే చీరలు! గాజు పగిలినదనుటకే వెరచి 'పెరిగిన'దందుము గదా. ఊడ్చి పారవేయు ఆ ముక్కలే ఎరుపు, పచ్చ, నీలి వన్నెలతో ఎండలో మెరయుచున్నవి. వానిలో తొలగిన పల్లెల యిల్లాండ్రవి ఎన్ని కలవో!

"ఈ తోట ప్రణాళికలో లేదు సుమా" అనిరి మావారు.

"ఆ పల్లెలును లేవు గదండీ" అంటిని. వారు మరి మాటాడలేదు.

చూడబోవువారు ఉదయముననే పోవుట మేలు. లోపలి దారులు ఇరుకు, ద్వారములు మిక్కిలి చిన్నవి. పొడగరులైన మావారు అడుగడుగున తలవంచి నడువవలసి వచ్చెను.