తందూర్ లేదు, లెగ్ పీస్ ఉంది

తందూరీ చికెన్ ఇంట్లో అయ్యే పని కాదని చాలామంది ముందే డిసైడైపోతారు. మట్టి పొయ్యి కావాలి, బొగ్గులు కావాలి, మనిషి ఎత్తు చువ్వలు కావాలి. ఎందుకొచ్చిన గొడవ అని ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తారు. డబ్బా వచ్చేసరికి లోపలి ఆవిరికి ముక్క మెత్తబడి, కాలిన అంచులు తడిసిపోయి ఉంటాయి. తందూరీకి ప్రాణం ఆ అంచుల్లోనే ఉంటుంది.

హనుమకొండలో మా ఇంట్లో తందూర్ లేదు, ఓవెన్ లేదు. ఉన్నవల్లా రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్, అమ్మ ఎప్పటినుంచో వాడుతున్న ఇనప మూకుడు, పుల్కాలు కాల్చుకునే జాలీ. ఏడాదిగా వీటితోనే లాగిస్తున్నా. నిజానికి ఈ వంటకం పుట్టిందే ఇలాంటి సర్దుబాటులోంచి. తందూర్ ముందునుంచీ రొట్టెల పొయ్యి. పంజాబ్ పల్లెల్లో ఊళ్లో ఆడవాళ్లంతా పిండి ముద్దలు తెచ్చుకుని ఒకే పొయ్యి దగ్గర కాల్చుకునేవాళ్లు. దాన్ని సాంఝా చుల్హా అనేవారు. ఆ రొట్టెల పొయ్యిలోకి కోడిని దించి, దాన్ని ఊరంతా అడిగే వంటకంగా మార్చిన ఘనత పెషావర్‌లో మోతీ మహల్ హోటల్‌దని చెబుతారు. 1947లో దేశ విభజనతో అక్కణ్నుంచి వచ్చేసిన కుందన్ లాల్ గుజ్రాల్, ఆయన భాగస్వాములు ఢిల్లీ దర్యాగంజ్‌లో మళ్లీ మోతీ మహల్ తెరిచారు. దేశమంతా తందూరీ పాకింది ఆ తర్వాతే. వాళ్లు రొట్టెల పొయ్యిని కోడికి వాడుకున్నారు. మనం పుల్కా జాలీని వాడుకుంటే తప్పేముంది?

అసలు తందూర్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. లోపలి వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కాలిన మట్టి గోడలు అన్నివైపులనుంచీ వేడి కొడతాయి. వేడి గాలి ముక్క పైతడిని లాగేస్తుంది. ముక్క నుంచి కారే కొవ్వు, మసాలా బొగ్గుల మీద పడి పొగై మళ్లీ ముక్కకే పడుతుంది. అంటే ఉడకడం, కాలడం, పొగ పట్టడం ఒకేసారి అయిపోతాయి. మన స్టవ్ మీద ఈ మూడూ ఒకేసారి కావు. కాబట్టి విడగొట్టుకోవాలి. ఉడకడానికి మూకుడు, కాలడానికి మంట, పొగకి ఒక కొబ్బరిచిప్ప ముక్క.

నలుగురికి తొడతో సహా నాలుగు లెగ్ పీసులు తీసుకోండి. సుమారు కిలో తూగుతాయి. తోలు తీయించి, ఎముక తగిలేదాకా మూడేసి గాట్లు పెట్టండి. ఒక నిమ్మకాయ రసం, చెంచాన్నర ఉప్పు, రెండు చెంచాల కారం కలిపి గాట్లలోకి రుద్ది అరగంట వదిలేయండి. ఈలోపు పెరుగు సంగతి. అరకిలో పెరుగుని పల్చటి గుడ్డలో మూటకట్టి మూడు గంటల ముందే కుళాయికి వేలాడదీసి ఉండాలి. ఈ ఒక్క పని బద్ధకించొద్దు. పెరుగులో నీళ్లుంటే మూకుట్లో కూర తయారవుతుంది, తందూరీ కాదు. నీళ్లు పోయిన గట్టి పెరుగులో అల్లంవెల్లుల్లి రెండు చెంచాలు, దోరగా వేయించిన శనగపిండి ఒక చెంచా, ధనియాల పొడి ఒకటి, గరం మసాలా అర, నలిపిన కసూరీ మేథీ, రెండు చెంచాల నూనె. పంజాబీలు ఆవనూనె వేస్తారు, మా ఇంట్లో పల్లీ నూనే. శనగపిండి ఎందుకంటే అది మసాలాని ముక్కకి అంటిపెట్టుకుని ఉంచుతుంది. ఇదంతా పట్టించి నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి.

రంగు ఎలా మరి? హోటల్ ఎరుపు చాలాచోట్ల డబ్బాలోంచి వచ్చేదే. కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో కబాబుల్లో కృత్రిమ రంగులు వాడొద్దని నిషేధం పెట్టింది కూడా. మనకి ఆ డబ్బా అక్కర్లేదు. మా వరంగల్ వైపు పండే చపాటా మిరప ఉంది. లావుగా, గుండ్రంగా ఉంటుందని కొందరు టమాటా మిరప అంటారు. రంగు దండిగా ఉంటుంది, మంట తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అది దొరక్కపోతే బ్యాడిగి మిర్చి, కశ్మీరీ కారం ఏదైనా సరే. ఒట్టి గుంటూరు కారంతో ఈ ఎరుపు తేవాలంటే మాత్రం తినేవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు.

ఇప్పుడు మూకుడు. బాగా వేడెక్కాక కాస్త నూనె రాసి ముక్కలు పరచండి. నాన్‌స్టిక్ వద్దు, అంత వేడికి పూత పాడవుతుంది. మీడియం మంట మీద మూతపెట్టి పదిహేను నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పండి. తర్వాత మూత తీసేసి, ఊరిన నీళ్లన్నీ ఇగిరి మసాలా ముక్కకి పట్టేదాకా ఇంకో పది నిమిషాలు. ఎముక పక్కన పొడిస్తే లోపల గులాబీ రంగు కనపడకూడదు, రసం తేటగా రావాలి. ఫుడ్ థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీలు చూపించాలి.

పొగకి కొబ్బరిచిప్ప ముక్కని పట్టకారుతో మంట మీద పెట్టండి. భగ్గుమని అంటుకుంటుంది, భయపడొద్దు. మంట ఆరి మొత్తం ఎర్రటి నిప్పయ్యాకే వాడాలి, సగం కాలిన చిప్ప పొగ చేదు. ముక్కల మధ్యలో చిన్న స్టీల్ గిన్నె పెట్టి, అందులో నిప్పు వేసి, అర చెంచా నెయ్యి పోసి, వెంటనే మూత. మూడు నిమిషాలు చాలు. కిటికీలు తెరిచే చేయండి. కుంపటి ఉంది కదా అని గదిలో తలుపులేసుకుని బొగ్గులు రాజేయొద్దు. ఆ కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. కుంపటికి డాబానే చోటు.

చివరిది జాలీ. పెద్ద మంట మీద జాలీ పెట్టి, ముక్కకి వెన్న రాసి, ఒక్కో వైపు నిమిషం చొప్పున అంచులు నల్లబడేదాకా కాల్చాలి. మా జాలీ మీద ఒకసారికి ఒక్క లెగ్ పీసే పడుతుంది. కాలిన ముక్క ఆగదు, దించగానే తినాలి. అందుకే ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది: మొదటిది ఎవరికి?

మా ఇంట్లో ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడో రాసి పెట్టేశారు. కోడికి రెండే కాళ్లు. ఒకటి బాపుకి, ఒకటి తమ్ముడికి. నాకు రొమ్ము ముక్కలు. అందరం తిన్నాక అమ్మ గిన్నె దగ్గర పెట్టుకుని మెడ, రెక్కలు తినేది. "నాకు మెడ ముక్కనే ఇష్టం" అనేది. చిన్నప్పుడు నమ్మాను కూడా. హోటల్‌కి వెళ్లి హాఫ్ తందూరీ చెప్పినా లెక్క మారేది కాదు.

మొదటిసారి జాలీ మీద నుంచి దించిన లెగ్ పీస్ ప్లేట్లో వేసి, మీద నిమ్మకాయ పిండి, అమ్మ చేతికిచ్చాను.

"ముందుగాల బాపుకు పెట్టు. నాకేం తొందర?" అంది.

"ఇది సల్లారితే పనికిరాదమ్మా. తిను."

ప్లేట్ పట్టుకుని బాపు వైపు చూసింది. నాకు తెలుసు, ఆయన చెయ్యి చాపితే ఆ ప్లేట్ అటే పోతుంది. బాపు టీవీ సౌండ్ తగ్గించాడు. "తిను, సల్లారుతది" అన్నాడు. అంతే.

అమ్మ వంటింట్లోనే స్టవ్ పక్కన నిలబడి తింది. ఎముక దగ్గర మాడిన ముక్కని పళ్లతో లాగుతూ, వేళ్లు నాకుతూ తింది. తమ్ముడు గుమ్మంలో నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు. వాడికి అలా ఎదురుచూడటం కొత్త.

మెడ, రెక్కలు అమ్మకి నిజంగా ఇష్టమో కాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అడగను కూడా. కానీ ఇన్నేళ్లలో చికెన్ తిని అమ్మ బాగుంది, బాగాలేదు అనగా నేను వినలేదు. చివర్లో మిగిలింది తినేవాళ్లు ఏం చెబుతారు? ఇప్పుడు మాత్రం ప్రతి ఆదివారం ఓ తీర్పు వస్తోంది. పోయినవారం ఎముక పక్కన పెట్టి, చట్నీ గిన్నె వైపు చూస్తూ అంది:

"వచ్చేసారి పుదీన జర ఎక్కువెయ్యి బిడ్డా."